చెయ్యి వదిలిన వేళ

ఆ శనివారం సాయంత్రం నాలుగింటి దాకా జరిగిందంతా కుసుమకుమారికి బాగా జ్ఞాపకమే. పొద్దుటి నుంచీ ముసురు, ఈదురుగాలి. అడవులదీవిలో అందరూ మామూలు వాయుగుండమే అనుకున్నారు. భర్త ప్రకాశరావు ఆయిల్ ఇంజను బాగుచేయించుకురావడానికి ముందురోజే తెనాలి వెళ్ళాడు. ఇంట్లో ఉన్నది తనూ, అత్తగారు రంగమ్మా. కార్తీకమాసమని రంగమ్మ ఉపవాసం ఉంది. కుసుమ గేదెకు కుడితి పెట్టి వచ్చి, పాలు కాచి, "అత్తయ్యా, కాసిని పాలన్నా తాగండి" అంది.

"చుక్క చూశాక తాగుతాలే అమ్మాయ్."

"ఈ మబ్బులో చుక్క ఎక్కడ కనపడుద్ది అత్తయ్యా?"

రంగమ్మ నవ్వింది. పెళ్ళయి వచ్చిన నాలుగేళ్ళలో ఆ నవ్వు చూడని రోజు లేదు కుసుమకు.

ఆ తరవాత ఇంకేమీ లేదు. మళ్ళీ జ్ఞాపకం మొదలయ్యేది రేపల్లె ఆసుపత్రి వరండాలో. ఎవరో ఆవిడ చెంచాతో గంజి పోస్తోంది. నోరంతా ఉప్పగా ఉంది. చేతుల నిండా, వీపు నిండా ముళ్ళు గీరుకుపోయిన గాయాలు. అప్పటికి మూడు రోజులు గడిచాయని తరవాత చెప్పారు. 1977 నవంబరులో సముద్రం ఊళ్ళ మీద పడ్డ ఆ ఉప్పెనలో వేలకు వేలమంది పోయారనీ, వాళ్ళలో రంగమ్మ కూడా ఉందనీ, దొరికిన శవాలన్నిటికీ ఒక్కచోటే నిప్పు పెట్టేశారనీ చెప్పారు. ప్రకాశరావు తెగిపోయిన రోడ్ల మీద నడుచుకుంటూ ఊరు చేరేసరికి తల్లి బూడిద కూడా వేరుగా మిగల్లేదు.

ఆ మూడు రోజుల్లోనూ కుసుమకు మిగిలినవి రెండు మూడు ముక్కలు. వంద లారీలు ఒక్కసారిగా ఊళ్ళోకి దూసుకొచ్చినట్టు ఒక హోరు. పళ్ళ మధ్య ఇసక, బురద. ఇంకొకటి ఉంది. దాన్ని మాత్రం ఎవరికీ చెప్పలేదు. తన కుడిచేతిలో అత్తగారి చెయ్యి. ఆ చేతి మీది నుంచి తన వేళ్ళు ఒక్కొక్కటే విడిపోవడం. చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. చెయ్యి జారిపోవడం. రంగమ్మ ముక్కుపుడక తళుక్కుమనడం. అంతే.

చెయ్యి వదిలేశాను, అనుకుంది కుసుమ. నేను బతకడం కోసం ఆవిణ్ణి వదిలేశాను.

ఊళ్ళో ఇల్లు లేదు. పొలం ఉప్పు పట్టిపోయింది. ప్రకాశరావు భార్యను తీసుకుని తెనాలి మారీసుపేటలో ఉన్న పినతల్లి సుగుణమ్మ ఇంటికి చేరాడు. ఎరువుల కొట్టులో గుమాస్తాగా కుదిరాడు. సుగుణమ్మ భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. "నా ఇంట్లో మనుషుల అలికిడి విని ఎన్నాళ్ళయిందిరా. మీరెక్కడికీ పోవద్దు" అని ముందు గది వాళ్ళకిచ్చేసింది.

ఆ ఇంట్లో కుసుమకు కష్టమంటూ ఏమీ లేదు. కష్టమంతా ఆమె బుర్రలోనే ఉంది. కూరలో ఉప్పు వేసిన నిమిషానికే మరిచిపోయి మళ్ళీ వేసేది. పొయ్యి మీద ఎసరు పెట్టి, ఎందుకు పెట్టిందో తెలియక చూస్తూ నిలబడేది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో మాట తెగిపోయేది. ఒకసారి సొంత చెల్లెలికి ఉత్తరం రాయబోతే చెల్లెలి పేరు గుర్తు రాలేదు. కాగితం ముందు పెట్టుకుని ఏడ్చింది. నిన్నటి సంగతులు నిలిచేవి కావు గాని, ఆ హోరు మాత్రం ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేది. కుళాయి కింద బకెట్టు నిండుతుంటే ఆ చప్పుడుకు ఒళ్ళు బిగుసుకుపోయేది. ఎదురుగా పెరడు కనిపించేది కాదు, నీళ్ళే. నిద్రలో కుడిచెయ్యి పిడికిలి బిగిసిపోయి, తెల్లారేసరికి అరచేతిలో గోళ్ళ గుర్తులు పడి ఉండేవి.

ఇది సుగుణమ్మ కనిపెట్టింది. ఏమీ అడగలేదు. ఒకరోజు చూస్తే బకెట్టులో పాత చీర ముక్క వేసి, కుళాయి ధార దాని మీద పడేట్టు పెట్టింది. నీళ్ళు చప్పుడు లేకుండా నిండుతున్నాయి. ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో బకెట్టు అలాగే నిండింది. ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు, కుసుమా ఎత్తలేదు. కాని ఆ పాత గుడ్డను ఎండలో ఆరేసిన ప్రతిసారీ కుసుమకు ఆవిడ కాళ్ళకు దండం పెట్టాలనిపించేది.

ఇరుగుపొరుగు వాళ్ళు రకరకాలుగా అన్నారు. నీళ్ళలో పోయినవాళ్ళు పట్టుకున్నారనీ, చుండూరు దగ్గర ఎవరో తాయెత్తు కడతాడనీ చెప్పారు. "మా పిల్లకి పట్టింది భయం. దాన్ని వదిలించడానికి వేపమండలు అక్కర్లేదు" అని సుగుణమ్మ వాళ్ళ నోళ్ళు మూయించింది. కుసుమ బాధ వాళ్ళ మాటల వల్ల కాదు. ఆడవాళ్ళు పలకరించడానికి వచ్చి, "అత్తగారిని కన్నతల్లిలా చూసుకున్నావంట గదమ్మా" అన్నప్పుడే ఆమె గుండె కలుక్కుమనేది.

జూన్ నెలలో మొదటి వాన పడింది. పక్కింటి రేకుల మీద చినుకులు టపటపలాడాయి. సుగుణమ్మ బజారు నుంచి వచ్చేసరికి కుసుమ ధాన్యం గాదె వెనక మూలకి ముడుచుకుని కూచుని ఉంది. పిలిస్తే పలకలేదు. మధ్యాహ్నం దాకా మాట రాలేదు. ప్రకాశరావు కొట్టు నుంచి పరుగెత్తుకొచ్చి, ఆమె పక్కనే నేల మీద కూచుని, మాట వచ్చేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

ఎరువుల కొట్టుకు వచ్చే ఒక రైతు చెప్పాడు. బాపట్లలో జగన్నాథరావుగారని మిలిటరీలో పనిచేసి వచ్చిన డాక్టరున్నారట, తుఫాను తరవాత మాట పడిపోయిన ఆ రైతు మేనల్లుడిని బాగుచేశారట. ఆ ఆదివారమే ప్రకాశరావు భార్యను రైలెక్కించాడు.

డాక్టరుగారు అరవై దాటిన మనిషి. గాలికి ఎగిరిపోయిన డాబా రెయిలింగు ఇంకా కట్టించుకోలేదు. నాడి చూసి, కళ్ళు చూసి, ఎలా నిద్రపడుతోందో, ఏం మరిచిపోతోందో అడిగారు. అన్నీ విని మందుల చీటీ పక్కన పెట్టేశారు.

"నీకు పిచ్చి లేదు తల్లీ. ముందు అది నమ్ము. రెండు యుద్ధాల్లో నీలాంటివాళ్ళని చాలామందిని చూశాను. ఆరడుగుల జవాన్లు టపాకాయ పేలితే మంచం కింద దూరేవాళ్ళు. అంత భయంలో మనసు జరిగింది జరిగినట్టు దాచుకోదు. ఏదో ముక్క పట్టుకుంటుంది, మిగతాది వదిలేస్తుంది. ఆ ముక్కల్లో ఏది ముందో ఏది వెనకో తెలియదు. సరే, నీ దగ్గర ఏం మిగిలింది, చెప్పు."

కుసుమ తలుపు వైపు చూసింది. ప్రకాశరావు అక్కడే నిలబడి ఉన్నాడు. డాక్టరుగారు అతణ్ణి బయటికి పంపబోయారు గాని కుసుమే వద్దంది. ఏడు నెలలుగా అతని ముఖం చూస్తూ అన్నం పెడుతోంది. ఇంక దాచలేకపోయింది.

"నేనే వదిలేశానండి. అత్తయ్యగారి చెయ్యి నేనే వదిలేశాను. వేళ్ళు ఒక్కొక్కటే విడిపోవడం నాకు తెలుస్తానే ఉంది. ఆవిడ ముక్కుపుడక మెరిసింది. అది చూస్తానే వదిలేశాను."

ప్రకాశరావు ఏదో అనబోయాడు. డాక్టరుగారు చేత్తో ఆగమని సైగ చేశారు. నెమ్మదిగా అడిగారు.

"ముక్కుపుడక మెరవడం బాగా గుర్తుందా?"

"బాగా గుర్తుందండి."

"ఉప్పెన వచ్చింది చీకటి పడేవేళ. ఆకాశం నిండా మబ్బు. మరి ఆ మెరుపు దేనిదమ్మా? లాంతరుదా?"

"కాదండి. ఎండకి..." అని కుసుమ ఆగిపోయింది.

ఎండ. పొద్దుటి ఎండ. ఆ మెరుపు ఎండలోదే. అన్నాళ్ళూ కళ్ళ ముందే ఉన్నా ఆ సంగతి ఆమెకు తట్టలేదు.

"ఆ రాత్రి ఏం జరిగిందో నేను చెప్పలేను, నేను అక్కడ లేను" అన్నారు డాక్టరుగారు. "కాని ఒకటి చూశాను. ఖాళీగా ఉన్న చోటుని మనిషి ఊరికే వదలడు, ఏదో ఒకటి పెట్టి పూడుస్తాడు. మంచివాళ్ళు తమ తప్పు పెట్టి పూడుస్తారు. ఆ రాత్రి నీ పక్కన ఎవరన్నా ఉన్నారేమో వెతకండి. నా మందుకంటే వాళ్ళ మాట ఎక్కువ పనిచేస్తుంది." ఎంత చెప్పినా ఫీజు తీసుకోలేదు. గుమ్మం దాకా వచ్చి సాగనంపారు.

బయటికి వచ్చాక రోడ్డు పక్కన నీడలో ప్రకాశరావు ఆగిపోయాడు. అతని కళ్ళు తడిసి ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ ఇది మోస్తా నా పక్కనే ఉన్నావా కుసుమా? నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పనండీ? మీ అమ్మని వదిలేశానని చెప్పనా?"

"ఒకవేళ వదిలేసినా అది నీ తప్పు కాదు. సముద్రంతో ఎవరు గెలుస్తారు?" అని, "నేనూ నీకు చెప్పనిది ఒకటుంది" అన్నాడు. "రేపల్లె ఆసుపత్రిలో నర్సు నాకో చీర ఇచ్చింది. నీ నడుముకి కట్టేసి ఉందంట, ముడి విప్పలేక కోశారంట. అది మన ఇంట్లో చీర కాదు. అది చూస్తే నువ్వు బెదురుతావేమోనని పెట్టె అడుగున దాచాను."

మరుసటి ఆదివారం ఆ చీర ముక్కలతో మళ్ళీ బాపట్ల వచ్చారు. మామిడిపండు రంగు నేత చీర, ముదురాకుపచ్చ అంచు. బజార్లో బసవలింగం అనే పెద్దాయన బట్టల కొట్టులో ప్రకాశరావు దాన్ని చూపించాడు. బసవలింగం కళ్ళజోడు పెట్టుకుని అంచును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొత్త చీరేనండి, ఒక్కసారి కూడా ఉతకలేదు. ఉప్పునీళ్ళలో నానింది గాని రంగు చెక్కుచెదరలా. ఇది ఈపురుపాలెం నేత. ఈ అంచు అక్కడ రెండిళ్ళవాళ్ళే వేస్తారు. అందులో ఒకావిడ ఊళ్ళమ్మట మూట మోసి అమ్ముద్ది. ఆండాళమ్మ అని." చీర సంగతి విన్నాక ఆయనే కుర్రాణ్ణి పంపి సోడాలు తెప్పించాడు, ఈపురుపాలెం మీదుగా వెళ్ళే చీరాల బస్సు ఎక్కడ ఆగుతుందో వీధి చివరిదాకా వచ్చి చూపించాడు.

ఈపురుపాలెంలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లోకే మగ్గం చప్పుడు వినిపిస్తోంది. లోపల కొడుకు నేస్తున్నాడు. అరుగు మీద యాభై ఏళ్ళ ఆవిడ ఊరికే కూచుని ఉంది. కుసుమ కాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. ఆ ముఖాన్ని ఎప్పుడూ చూసినట్టు లేదు. ఆవిడ మాత్రం కుసుమను చూస్తూనే లేచి నిలబడింది.

"అమ్మాయ్! బతికే ఉన్నావా తల్లీ?"

అమ్మాయ్ అన్న ఆ ఒక్క మాటకు కుసుమ అక్కడే కూలబడి భోరుమంది. ఆండాళమ్మ దిగి వచ్చి ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది.

కొంత తెప్పరిల్లాక కుసుమ అంది. "పిన్నిగారూ, నాకేమీ గుర్తులేదండి. మీరెవరో కూడా తెలియదు. ఏం జరిగిందో చెప్పండి. మా అత్తయ్యగారి చెయ్యి నేను వదిలేశాను గదా?"

"వదిలేశావా?" ఆండాళమ్మ ఆమె ముఖంలోకి వింతగా చూసింది. "నువ్వు వదలడమేంటి? వదిలించడానికి మా ప్రాణం మీదికొచ్చింది గదమ్మా!"

ఆవిడ చెప్పింది. చీరలమ్మడానికి అడవులదీవి వచ్చి, ఆ సాయంత్రం తను తలదాచుకున్న ఇంటి కప్పు లేచిపోతే, మూట నెత్తిన పెట్టుకుని కనబడిన తలుపు తట్టిందట. తీసింది రంగమ్మ. "ఎవరైతే ఏంటి, లోపలికి రామ్మా" అని తన పొడిచీర తీసి ఇచ్చిందట. కాసేపటికే హోరు, వెనకగోడ విరిగిపడటం, నీళ్ళు. ముగ్గురూ పశువుల దొడ్డి పక్కనున్న తుమ్మచెట్టు పట్టుకున్నారు.

"నిన్ను పై పంగలోకి తోసింది మీ అత్తగారే. మూటలో చీరలు తీసి నిన్నూ నన్నూ కొమ్మకి కట్టాను. ఆవిడకీ కట్టబోయాను, అందలేదు. కింద కొమ్మ మీద నీళ్ళలో నిలబడిపోయింది. నువ్వు వొంగి ఆవిడ చెయ్యి పట్టుకున్నావు. ఆ పట్టిన పట్టు తెల్లవార్లూ వదల్లా. నువ్వు కళ్ళు మూసినప్పుడల్లా ఆవిడ కింద నుంచి, 'అమ్మాయ్, నిద్రపోకు. అమ్మాయ్, నేనున్నా' అని పిలుస్తానే ఉంది. ఆ పిలుపు లేకపోతే నువ్వూ వాలిపోయేదానివి, నేనూ వాలిపోయేదాన్ని. తెల్లారగట్ట నీళ్ళు తీశాయి. అప్పుడు ఆ పిలుపు ఆగిపోయింది."

ప్రకాశరావు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మగ్గం చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ గమనించలేదు.

"చలికి పోయిందయ్యా మీ అమ్మ, నీళ్ళకి కాదు. ముఖం ప్రశాంతంగానే ఉంది. ఎండెక్కాక ఎవరో ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. కోడలి చెయ్యి అత్తగారి చేతిని పట్టుకునే ఉంది. ఈ పిల్లకి స్పృహ ఉందో లేదో, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. వేళ్ళు కొయ్యబారిపోయాయి. నేనే, చిటికెన వేలు దగ్గర్నించి ఒక్కొక్కటే ఊడదీశాను. ఇదిగో, ఈ చేతుల్తోనే."

కుసుమ ఆ చేతుల్ని చూసింది. వాటిని తీసుకుని కళ్ళకద్దుకుంది. ఆ రాత్రి ఆమెకు గుర్తు రాలేదు. ఆ తరవాత కూడా ఎప్పుడూ రాలేదు. చెట్టు గాని, ఆ పిలుపు గాని ఈనాటికీ ఆమె జ్ఞాపకంలో లేవు. కాని ఆ పిలుపు నిజమని తెలిసింది. రాత్రంతా తనను బతికించుకున్న మనుషులు, ఒకరు కింద నీళ్ళలో, ఒకరు పక్క కొమ్మ మీద ఉన్నారని తెలిసింది. ఏడు నెలలు దాటాక మొదటిసారి ఆమె ఊపిరి అడ్డులేకుండా లోపలికి వెళ్ళింది.

"నీకు గుర్తులేదంటే నాకు ఈర్ష్యగా ఉంది తల్లీ" అంది ఆండాళమ్మ కాసేపటికి. "నాకు ఒక్క నిమిషం కూడా మరుపు రాదు. కళ్ళు మూస్తే మొదటినించీ మొదలవుద్ది. ఇంట్లో ఎవరికీ చెప్పలా. మూట ముట్టుకోలా. బస్సెక్కాలంటే కాళ్ళు రావు. నువ్వు పోయావనే అనుకున్నా. నిన్ను లారీలో వేసినప్పుడు ఊపిరి అందీ అందకుండా ఉంది."

"నాకు చెప్పండి పిన్నిగారూ. ఎన్నిసార్లైనా చెప్పండి. మీరు మరిచిపోలేనిది నేను వినాలి గదా."

ఆండాళమ్మ ఆమె చెంపలు నిమిరింది. సాయంత్రం దాకా ఆ అరుగు మీద ఆ రాత్రిని మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఈసారి కొడుకు కూడా వచ్చి తల్లి పక్కన కూచుని విన్నాడు.

ఆ తరవాత కుసుమ ఒక్కరోజులో మారిపోలేదు. వానాకాలమంతా భయపడుతూనే ఉంది. రెండుసార్లు ఉప్పు వేయడం మానలేదు. కాని భయం వచ్చినప్పుడు సుగుణమ్మను పిలవడం నేర్చుకుంది. "చిన్నత్తయ్యా, ఒక్కసారి ఇటు రండి" అంటే ఆవిడ చేతిలో పని వదిలేసి వచ్చి కూచునేది. నెలకోసారి బాపట్ల వెళ్ళి డాక్టరుగారికి కనపడేది. రేపల్లె ఆసుపత్రికి వెళ్ళి గంజి పోసిన ఆయా ఎవరో కనుక్కుంది. ఆవిడకు కుసుమ గుర్తే లేదు. "ఎంతమందికి పోశానో అమ్మా" అంది. "నాకు గుర్తున్నారండి" అని కుసుమ చెప్పి, ఆవిడ వద్దంటున్నా పాదాలకు దండం పెట్టి వచ్చింది.

కార్తీకంలో రంగమ్మ సంవత్సరీకం వచ్చింది. ఈపురుపాలేనికి ఉత్తరం రాశారు గాని ఆండాళమ్మ వస్తుందని ఎవరూ అనుకోలేదు. సంవత్సరీకం రోజు పొద్దున్నే కొడుకు చెయ్యి పట్టుకుని తెనాలి స్టేషన్లో దిగింది. "బస్సంటే కాళ్ళు రాలా. రైలైతే పర్లేదనిపించింది" అంది. ప్రకాశరావు రంగమ్మ పేరున పిండాలు పెడుతుంటే ఆండాళమ్మ వెనకే నిలబడి, కుసుమ భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. ఏడవలేదు.

ఆ రోజు ముసురు పట్టింది. సుగుణమ్మ వెళ్ళనివ్వలేదు. నాలుగు రోజులుంది ఆండాళమ్మ. ఇద్దరు పెద్దవాళ్ళకీ మాటలు బాగా కలిశాయి. వాన చప్పుడుకు కుసుమ బిగుసుకుపోతే, "కూచోవే ఇక్కడ" అని ఇద్దరూ మధ్యలో కూచోబెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరించేవాళ్ళు.

వెళ్ళే రోజు పొద్దున వాన వెలిసింది. వాకిట్లో నిలబడి ఆండాళమ్మ వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. ఆడవాళ్ళు ముగ్గులు వేసుకుంటున్నారు.

"ఏం వదినగారూ, మీ వీధిలో నేతచీరలు కట్టేవాళ్ళున్నారా?" అని అడిగింది సుగుణమ్మను.

"ఉండకేం! మంచి రకం తెచ్చేవాళ్ళు లేక మిల్లు చీరలు కడతన్నారు."

"అయితే వచ్చే నెల తెస్తా. బరువున్నవి కాకుండా పదిహేను చీరలు" అంది ఆండాళమ్మ. ఆ మాట అన్నాక తన మాటకు తనే ఆశ్చర్యపోయింది. తరవాత కుసుమ వైపు తిరిగింది. "స్టేషనుకి వచ్చుద్దిగా మా అమ్మాయి? మూట దింపుకోడానికి ఒక చెయ్యి కావాలి."

"ఏ బండికి వస్తారో ఉత్తరం రాయండి పిన్నిగారూ" అంది కుసుమ. "ముందే వచ్చి నిలబడతా."